చచ్చినవాడు మాట్లాడకూడదు

"నువ్వు ఎన్నింటికి చచ్చిపోయావు?" అని అడిగింది హెలెన్.

"రెండూ యాభైకండీ," అన్నాడు కరిముల్లా. "మందుపాతర మీద కాలేశాను."

లాకప్ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ ముందు కుర్రవాడి వైపు, తరవాత హెలెన్ వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరికి మతి చెడిందో తేల్చుకోలేక గోడవైపు తిరిగాడు.

హెలెన్‌కి నలభై ఎనిమిదేళ్ళు. గవర్నర్‌పేటలో రెండు గదుల డిటెక్టివ్ ఏజెన్సీ ఆమెది. ఈ ఉదయం ఆమె ఆఫీసుకి వెళ్ళేసరికి మెట్లమీద కుల్సుం కూర్చుని ఉంది. కుల్సుం కొడుకే ఈ కరిముల్లా. ఆదివారం మధ్యాహ్నం గుణదలలో జోయెల్ అనే కుర్రవాణ్ణి అతని గదిలోనే ఎవరో వెనకనుంచి తలమీద కొట్టారు. ఐదింటికి అతన్ని చూసి, ఆటోలో వేసుకుని ఆస్పత్రికి చేర్చింది స్నేహితుడు కరిముల్లా. సోమవారం సాయంత్రం పోలీసులు అరెస్టు చేసిందీ కరిముల్లానే. ఇవాళ ఐదింటికి మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచి రిమాండుకి పంపిస్తారు. జోయెల్‌కి ఇంకా స్పృహ రాలేదు. రాకుండానే పోతే ఇది హత్యకేసు అవుతుంది.

"ఐదింటిలోపు నా బిడ్డని నాకు ఇప్పించండమ్మా" అని ఒక్కటే మాట అడిగింది కుల్సుం. ఇప్పుడు ఆమె స్టేషన్ వరండాలో ఉంది. ఎవరో ఆమెకి ఫ్యాను కింద కుర్చీ వేసి, చేతికి టీ గ్లాసు కూడా ఇచ్చారు. ఎవరని హెలెన్ అడగలేదు గానీ, లోపలికి వస్తూ అది గమనించింది.

"మీ ఆట సంగతి నాకు బొత్తిగా తెలియదు బాబూ. మొదట్నుంచీ చెప్పు."

"ఫోన్లో కాల్చుకునే ఆటల్లాంటిది కాదండీ. వాటిల్లో చచ్చినా మళ్ళీ లేస్తారు. ఇందులో లేవరు. స్కోరుండదు. అటెళ్ళు ఇటెళ్ళు అని తెరమీద బాణాలుండవు. ఒక మ్యాపు, ఒక దిక్సూచి, ఒక రేడియో, అంతే. బరువేసుకుని పరిగెడితే మన మనిషి రొప్పుతాడు, తుపాకీ వణుకుద్ది. ఒక్కోసారి నలభై నిమిషాలు గడ్డిలో పాక్కుంటా వెళ్తాం. ఒక్క తూటా పేలదు."

"అందులో మజా ఏముంది?"

"అదే మజా అండీ." మొదటిసారి అతని మొహం విప్పారింది. "ఎప్పుడు పేలుద్దో తెలీదు కదా. కాసేపటికి గది మర్చిపోతాం. మా అమ్మ అన్నానికి పిలిచినా వినపడదు. కూర్చుంది కుర్చీలోనే, అయినా మోచేతులు మంటెత్తుతాయి, నిజంగా పాకినట్టే."

"వేరే పనేం లేదా నీకు?"

"శనివారం దాకా ఏసీలు రిపేరు చేస్తానండీ. ఆట ఆదివారం మధ్యాహ్నమే. జోయెల్‌వాళ్ళు చర్చి నుంచి వచ్చి భోంచేశాక."

ఆరుగురి దళం వాళ్ళది. జోయెల్ కమాండర్. కరిముల్లా డాక్టరు. అతని అక్క ఇష్రత్ మెషిన్‌గన్ పట్టుకుంటుంది. జోయెల్ అక్క మొగుడు డేనియల్ పరిశీలకుడు. దూరంగా కొండమీద బోర్లా పడుకుని, రోడ్డుమీద శత్రువు వస్తే రేడియోలో చెప్పడం అతని పని. మిగతా ఇద్దరూ గుంటూరులో ఉండే అన్నదమ్ములు. ఎవరింట్లో వాళ్ళు హెడ్‌సెట్లు తగిలించుకుని కూర్చుంటారు. శత్రుసైన్యాన్ని కంప్యూటరే నడుపుతుంది.

"మాకొక రూలుందండీ," అన్నాడు కరిముల్లా. "చచ్చినవాడు మాట్లాడకూడదు. మైకు కట్టేసి, నల్లతెర చూస్తా కూర్చోవాలి, ఆట అయ్యేదాకా. చచ్చినోడు కూడా రేడియోలో సలహాలిస్తుంటే ఇంక యుద్ధమేముంది? జోయెల్ పెట్టాడు ఆ రూలు."

"అంటే రెండూ యాభై నుంచి నువ్వెవరితోనూ మాట్లాడలేదు."

"లేదండీ. మిగతావాళ్ళ మాటలు వింటా కూర్చున్నా."

"జోయెల్ గొంతు ఎప్పుడు ఆగింది?"

"మూడు దాటాక. పిలిస్తే పలకలా. వాడి రేడియో పాడైందేమో అనుకున్నారు, ఆటలో అది కూడా జరుగుద్ది. కాసేపటికి శత్రువులొచ్చి వాడి మనిషిని కాల్చేశారు. ఇంకేముంది, చచ్చాడు కాబట్టి మాట్లాడట్లేదనుకున్నాం." అతను కటకటాలు పట్టుకున్నాడు. "రెండు గంటలు మేడమ్. అక్కడ వాడు రక్తంలో పడుంటే, ఇక్కడ మేం రూలు పాటిస్తా కూర్చున్నాం."

అది నటన అయితే చాలా మంచి నటన అనుకుంది హెలెన్.

"శనివారం సాయంత్రం మీరిద్దరూ ఎందుకు అరుచుకున్నారు? 'చెప్పేద్దాం' అని నువ్వు, 'వద్దు' అని జోయెల్. పక్కింటి తెరేసమ్మ విన్నదట."

కరిముల్లా తల దించుకున్నాడు. "అది అడక్కండి."

"జైలుకెళ్ళినా చెప్పవా?"

"మాటిచ్చానండీ వాడికి. వాడు లేచి చెప్పమంటే చెప్తా."

"దానివల్లే అతన్ని కొట్టి ఉంటే?"

"వీల్లేదండీ. నా చెవులతో విన్నాగా."

"ఏం విన్నావు?"

అతను లాకప్ మూలకి జరిగి కూర్చున్నాడు.

బూట్ల చప్పుడు వినిపించింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తిరుపతిరావు చేతిలో ఫైలుతో వచ్చి నిలబడ్డాడు. తెల్లగా ఇస్త్రీ చేసిన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అయిందా అండీ పరామర్శ? ప్రైవేటు డిటెక్టివులంటే మొగుళ్ళ వెనకాల తిరుగుతారనుకున్నా."

"ఈ మధ్య మొగుళ్ళు ఇల్లు కదలట్లేదండీ సీఐ గారూ. బేరాల్లేవు."

కానిస్టేబుల్ దగ్గాడు. తిరుపతిరావు అతని వైపు ఒక చూపు చూశాడు.

"డంబెల్‌తో కొట్టారు. దానిమీద ఇతని వేలిముద్రలున్నాయి," అన్నాడు.

"ఇద్దరూ రోజూ కసరత్తు చేసేది దాంతోనే. జోయెల్ ముద్రలు కూడా ఉంటాయి. అతని నెత్తిన అతనే కొట్టుకున్నాడంటారా?"

"ఇతని ఇల్లు వెనక వీధిలోనే. ముందురోజు గొడవైంది. ఇంకోటి, దళంలో జోయెల్ కాకుండా చచ్చి మైకు కట్టేసినవాడు ఇతనొక్కడే. మిగతా నలుగురూ ఆఖరి దాకా రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. సర్వర్ లాగ్ తెప్పించా. లాగ్ అబద్ధం చెప్పదు."

"చెప్పదు. కానీ అడిగినదానికే జవాబిస్తుంది. మీరేం అడిగారు?"

"ఐదింటికి కోర్టులో చెప్తాను. వచ్చి వినండి."

తిరుపతిరావు మొండివాడు. అయితే కుర్రవాడి ఒంటిమీద దెబ్బ లేదు. అతనికి పెట్టిన అన్నం ప్యాకెట్టు హోటలుది. హెలెన్ ఆ రెండూ మనసులో అతని ఖాతాలో వేసి బయటికి నడిచింది.

*

గుణదలలో జోయెల్ ఇంటిముందు తెల్లకారు ఆగి ఉంది. జోయెల్ తల్లి దానమ్మ వంటింట్లో క్యారేజీ సర్దుతోంది. రెండు రాత్రులు ఆస్పత్రిలో గడిపిన మనిషిని స్నానానికని అల్లుడు ఇంటికి తీసుకొచ్చాడు. కూతురు జెస్సికా ఆస్పత్రిలో తమ్ముడి దగ్గర ఉండిపోయింది.

"పొద్దున్నే ఐసీయూ నుంచి మూడో అంతస్తులో గదికి మార్చారమ్మా," అంది దానమ్మ. "వేళ్ళు కదిపాడు. సాయంత్రానికి కళ్ళు తెరవచ్చన్నారు డాక్టరు గారు. దేవుడు దయ తలిచాడు."

"అదే మా అందరి ప్రార్థన," అన్నాడు డేనియల్.

ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, విశాలమైన ఛాతీ. ఇబ్రహీంపట్నంలో ట్రావెల్స్ నడుపుతాడు. వంటింట్లో అన్న ఆ మాట వీధిలోకి వినపడింది.

"మీకు మైకు అక్కర్లేనట్టుందే," అంది హెలెన్.

"మా అల్లుడుగారు చర్చిలో వాక్యం చదివితే వెనక బెంచీల్లో చంటిపిల్లలు లేచి ఏడుస్తారమ్మా," అంది దానమ్మ. రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలేమో, నవ్వి తనే ఆశ్చర్యపోయింది.

హెలెన్ డేనియల్‌ని వరండాలోకి పిలిచింది.

"కరిముల్లా ఎలాంటి కుర్రాడండీ?"

"మంచోడే మేడమ్. కోపమెక్కువ. అనకూడదు గానీ…"

"అనకూడనివే నాకు కావాలి."

"కమాండర్‌గా వాడికి అవకాశమివ్వాలని జోయెల్‌ని సతాయించేవాడు. ఆటే కదా అనుకుంటారు మీరు. లీనమైనవాళ్ళకి అది ఆట కాదు."

"ఆదివారం మూడింటికి మీరెక్కడున్నారు?"

"కొండమీద." డేనియల్ నవ్వాడు. "అంటే ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో, కంప్యూటరు ముందు. ఆటలో కొండమీద. రెండుంబావుకి ఎక్కాను, నాలుగు దాటేదాకా బోర్లా పడుకునే ఉన్నా. పరిశీలకుడు కదిలితే దొరికిపోతాడు."

"గంటన్నర పైన! విసుగెయ్యదా?"

"మీకు నమ్మకం కలగదు గానీ, ఆ కదలకపోవడంలోనే ఉందండీ అంతా. గడ్డి కదిలినా గుండె ఆగుద్ది."

"ఇంట్లో మీ ఆవిడ ఉన్నారా?"

"జెస్సికాకి ఏడో నెల. భోంచేసి పడుకుంది. దాని నిద్ర చెడకుండా తలుపేసుకుని ఆడుకుంటా."

తొణక్కుండా చెప్పాడు. జవాబులన్నీ ఒక్క తీరున, ఒక్క గొంతున. తరవాత వంటింట్లోకి వెళ్ళి క్యారేజీ అందుకున్నాడు. "అత్తయ్యగారూ, మీరు కాసేపు నడుం వాల్చండి. జెస్సికాకి నేను అన్నం పెడతా, జోయెల్ దగ్గర నేనుంటా" అని చెప్పి కారెక్కాడు.

దానమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ హెలెన్ ఎదుట కూర్చుంది.

"ఆదివారం మీరెక్కడ పడుకున్నారమ్మా?"

"ఇదిగో, ఈ మంచం మీదే. కిటికీ తీసుకుని."

కిటికీ బయట, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో మేడమెట్లు. జోయెల్ గదికి దారి అదొక్కటే.

"మెట్లెక్కిన చప్పుడు వినలేదా?"

"లేదమ్మా. సిమెంటు మెట్లు, చెప్పులిడిస్తే చప్పుడేముంది? నిద్ర పట్టీ పట్టనట్టుంది నాకు. మావాడు గొణుక్కుంటుంటే వింటా పడుకున్నా. 'రోడ్డు ఖాళీ, ఎవరూ లేరు' అని. ఆదివారం వస్తే ఆ ఆటే లోకం వాడికి."

హెలెన్ తలాడించి మెట్లెక్కింది.

గది చిన్నది. తలుపుకి ఎదురుగోడ వైపు బల్ల, బల్లముందు కుర్చీ. కూర్చున్నవాడి వీపు తలుపు వైపు ఉంటుంది. చెవులమీద హెడ్‌సెట్ ఉంటే ఏనుగు లోపలికి వచ్చినా తెలియదు. డంబెల్స్ ఉండే చోటు తలుపు పక్కనే. చెయ్యి కిందికి చాపితే చాలు. పోలీసులు పని ముగించుకు వెళ్ళాక దానమ్మ నేల శుభ్రంగా కడిగింది. కీబోర్డు మీద దుమ్ము పడకుండా ఉతికిన తువ్వాలు కప్పింది. ఆ తువ్వాలు చూశాక హెలెన్‌కి కాసేపు వేరే ఏమీ చూడబుద్ధి కాలేదు.

హెలెన్ ఫోన్ చేస్తే ఇష్రత్ ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. తమ్ముడికంటే ఆరేళ్ళు పెద్దది. స్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. ఆట నడిచే సర్వర్ వాళ్ళింట్లోనే ఉంది. ప్రతి ఆదివారం ఎవరెక్కడ కదిలారో, రేడియోలో ఏం మాట్లాడారో అంతా అందులో రికార్డవుతుంది. ఆట అయ్యాక తప్పులు వెతుక్కోవడానికి ఆ ఏర్పాటు.

"ఆ రికార్డు చూపించు," అంది హెలెన్.

"చూపిస్తా. ముందు మీరు ఆడండి."

"నేనా?"

"ఊరికే చూస్తే చీమలు తిరిగినట్టుంటుంది మేడమ్. ఆడితేగానీ అర్థం కాదు. కూర్చోండి. హెడ్‌సెట్ పెట్టుకోండి. ఆ చెయ్యి అక్కడ కాదు, ఇక్కడ."

టీచర్ గొంతు విని హెలెన్ మారుమాట లేకుండా కూర్చుంది.

తెరమీద ఎండిన గడ్డి, దూరాన మట్టిరోడ్డు. మొదటి ఐదు నిమిషాలూ ఏం జరగలేదు. నడిచింది. దారి తప్పింది. దిక్సూచి చూసుకుని మళ్ళీ నడిచింది. బరువుకి తన సైనికుడు ఆయాసపడుతున్నాడు. ఆ ఊపిరి చెవుల్లో వినబడుతుంటే తన ఊపిరి కూడా దానితో కలిసిపోయింది. కాకి అరిచింది. ఆగింది. ఎక్కడో బూటు కింద రాయి నలిగింది.

"పడుకోండి," అంది ఇష్రత్.

హెలెన్ గడ్డిలో పడుకుంది. కాళ్ళు కనబడ్డాయి. మూడు జతలు. తనకి పది అడుగుల దూరంలో ఆగాయి. ఒకడు ఏదో అన్నాడు, ఇంకొకడు నవ్వాడు. మౌస్ పట్టుకున్న అరచెయ్యి తడిసిపోయింది. గుణదల లేదు, మేడగది లేదు, కేసు లేదు; ఆ బూట్లు తనవైపు తిరగకూడదు, అంతే.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది హెలెన్.

ఇష్రత్ పకపకా నవ్వింది. "మేడమ్, నేను మీ పక్కనే నిలబడున్నా. గుసగుసలాడతారేంటి?"

హెలెన్ హెడ్‌సెట్ తీసేసింది. నిజమే. తన గొంతు తనకే వినబడనంత మెల్లగా అడిగింది.

"వాళ్ళకి మన మాట వినపడుతుందా?"

"లేదు మేడమ్, ఈ ఆటలో వినపడదు. అయినా అందరూ అంతే. శత్రువు దగ్గరికొస్తే గొంతు దానంతటదే దిగిపోద్ది. గుంటూరు అన్నదమ్ముల్లో చిన్నవాడైతే ఊపిరి కూడా బిగబడతాడు."

"డేనియల్?"

"బావ అసలు మెల్లగా మాట్లాడలేడు. 'బావా, నీ గొంతుకి శత్రువులు సరెండర్ అవుతారు' అని ఏడిపిస్తాం. కానీ మొన్న ఆదివారం మాత్రం భలే లీనమైపోయాడు. గుసగుసలే. జోయెల్ మెచ్చుకునేవాడు వింటే." ఆ మాటతో ఆమె నవ్వు ఆగిపోయింది.

"అది వినిపించు."

రికార్డులో డేనియల్ మొదట మామూలుగానే ఉన్నాడు. రెండున్నరకి "రోడ్డు ఖాళీ" అన్నప్పుడు ల్యాప్‌టాప్ స్పీకరు గరగరలాడింది. మూడింటికి అదే మాట. కానీ ఈసారి ఉత్త గాలి. "రోడ్డు ఖాళీ. ఎవరూ లేరు." ఇంకో పది నిమిషాలకి మళ్ళీ గాలే. నాలుగింటికి ముందు గొంతు మామూలైంది.

"మూడింటికి ఆపు. ఇప్పుడు మ్యాపు చూపించు. డేనియల్ ఏడీ?"

"ఈ నీలం చుక్క. కొండమీద."

"శత్రువులు?"

"ఎర్ర చుక్కలు. ఇక్కడ, మా దగ్గర. బావకి…" ఇష్రత్ మ్యాపుని దగ్గరికి జరిపింది. దూరం జరిపింది. "కిలోమీటరు దూరంలో ఎవరూ లేరు."

"మరి ఎవరు వింటారని గొంతు తగ్గించాడు?"

ఇష్రత్ మౌస్ వదిలేసింది. ఆమె చూపు మెల్లగా తలుపు వైపు తిరిగింది.

"రేడియో మాటలు ఫోన్లోంచి మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు. కంప్యూటరు ఆన్లో ఉంచేసి, ఫోన్లో…" ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కదలకుండా పడుకోవడమే కదా మేడమ్ బావ పని. మనిషి కదలకపోతే ఎవరూ అనుమానించరు."

హెలెన్ మెట్లు దిగి మళ్ళీ మంచం దగ్గరికి వచ్చింది.

"దానమ్మగారూ, ఆదివారం ఆ గొణుగుడు ఎటునుంచి వినపడింది?"

"ఎటునుంచేంటమ్మా, ఈ కిటికీ…" దానమ్మ సగంలో ఆగింది. పైకప్పు వైపు చూసింది. తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. "పైన మాట్లాడితే నాకు వినపడదుగా. ఈ ఫ్యాను మోతకి అస్సలు వినపడదు."

"అవును."

"అయితే ఇక్కడ ఎవరు నిలబడ్డారమ్మా?"

హెలెన్ ఆమె చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం కూర్చుంది. పేరు చెప్పలేదు. ఆ పేరు చెబితే ఈ తల్లికి కూతురు కూడా గుర్తొస్తుంది.

*

హెలెన్, ఇష్రత్ స్టేషన్‌కి చేరేసరికి నాలుగుంబావు. కోర్టుకి వెళ్ళే జీపు వాకిట్లో నిలబడి ఉంది. తిరుపతిరావు రికార్డు మొత్తం విన్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాడు. తరవాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"గుసగుసలాడాడని అరెస్టు చేయమంటారా? మా ఎస్పీగారు నన్ను ఎక్కడికి బదిలీ చేస్తారో తెలుసా?"

"ఊళ్ళో ఇంతమంది ఉండగా ఆమె కిటికీ పక్కన నిలబడి 'రోడ్డు ఖాళీ' అన్నదెవరండీ?"

"నిద్రమత్తులో ఉన్న ముసలామె సాక్ష్యం. లాయరు ఒక్క ప్రశ్నతో ఊదేస్తాడు."

"సరే. కరిముల్లా ఫోను టవరు లెక్క తీశారుగా?"

"తీశాం. ఇంట్లోనే ఉంది. ఇంట్లో వదిలేసి వెళ్ళాడు."

"డేనియల్ ఫోనుది తీశారా?"

"ఆయనది ఎందుకు తీస్తాం? ఆయన బతికే ఉన్నాడు కదా…"

తిరుపతిరావు తన మాట తనే విన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు.

"ఆటలో చచ్చిపోయినవాడు కాబట్టి కరిముల్లాని అనుమానించాం," అంది హెలెన్ నెమ్మదిగా. "ఆటలో బతికున్నాడు కాబట్టి డేనియల్‌ని వదిలేశాం. వాళ్ళ రూలు వాళ్ళకంటే ఎక్కువగా మనమే పాటించాం సీఐ గారూ."

అతను ఫోను అందుకున్నాడు. సైబర్ సెల్లులో ఎవరితోనో గట్టిగా, తరవాత బతిమాలుతూ మాట్లాడాడు. హెలెన్ గోడగడియారం చూడకుండా ఉండటానికి కిటికీలోంచి వరండా చూసింది. కుల్సుం కుర్చీలో లేదు. జీపు పక్కన నిలబడి, దాని తలుపు మీద చెయ్యి వేసి ఉంది. ఆ చెయ్యి తీయమని డ్రైవరు ఆమెకి చెప్పట్లేదు. పక్కకి తిరిగి బీడీ కాల్చుకుంటున్నాడు.

ఇరవై నిమిషాలకి జవాబు వచ్చింది. తిరుపతిరావు విన్నాడు. "ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

"గుణదల టవరు. మూడుకి కాస్త ముందు నుంచి మూడున్నర దాకా." ఫైలు మూసి, దానిమీద అరచెయ్యి పెట్టాడు. "కోర్టు కానిస్టేబుల్‌ని ఆగమనండి. ఆ కుర్రాణ్ణి ఇక్కడికి తీసుకురండి. వాళ్ళమ్మని కూడా."

కరిముల్లా వచ్చాడు. కుల్సుం కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. హెలెన్ జరిగింది అతనికి చెప్పింది.

"నేను విన్నాగా," అన్నాడు. "బావ గొంతు మూడింటికి కూడా విన్నా. అందుకే ఆయన కాదనుకున్నా."

"ఇప్పుడు చెప్పు. శనివారం గొడవ దేనికి?"

అతను అక్క వైపు చూశాడు. ఇష్రత్ తలాడించింది.

"పోయిన నెల మైలవరం రోడ్డులో సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన్ని ఏదో కారు కొట్టేసి పోయింది. ఆయన అక్కడే పోయాడు. కారు దొరకలేదు. వారం తర్వాత బావ తన కారు బంపరు బాగుచేయించుకు రమ్మని జోయెల్‌కిచ్చాడు, గేదె అడ్డమొచ్చిందని చెప్పి. మెకానిక్ విప్పితే లోపల సైకిలు మడ్‌గార్డు ముక్క ఇరుక్కుని ఉంది. జోయెల్ దాన్ని దాచిపెట్టాడు. పోలీసులకి చెప్పేద్దామన్నా నేను. జెస్సికా అక్క కడుపుతో ఉంది, బావే వెళ్ళి లొంగిపోతే మంచిది, ఆదివారం దాకా గడువిచ్చా అన్నాడు వాడు. తను చెప్పమనేదాకా నోరు విప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఆ ముక్క ఎక్కడుంది?" అన్నాడు తిరుపతిరావు.

"వాడికే తెలుసండీ."

"అంటే డేనియల్‌కి ఆ ముక్కతో పనిలేదు. జోయెల్ నోరు తెరవకపోతే చాలు," అన్నాడు తిరుపతిరావు.

"సాయంత్రానికి కళ్ళు తెరవచ్చన్నారు డాక్టరు," అంది హెలెన్. "ఆ మాట డేనియల్ నా పక్కనే నిలబడి విన్నాడు." అప్పటికే ఆమె జెస్సికా నంబరు నొక్కుతోంది. స్పీకరు ఆన్ చేసి ఫోను బల్లమీద పెట్టింది.

"జెస్సికా, నేనమ్మా, డిటెక్టివ్ హెలెన్ ఆంటీని. మీ అమ్మ నంబరిచ్చింది. ఎక్కడున్నావు?"

"కింద క్యాంటీన్లో ఉన్నానాంటీ. ఆయన క్యారేజీ తెచ్చారు. నేను కూర్చుంటాలే, నువ్వెళ్ళి నిదానంగా తినమన్నారు."

"ఉన్నపళంగా పైకి వెళ్ళు. జోయెల్ గదికి. ఫోను పెట్టెయ్యకు."

"ఏమైందాంటీ?"

"వెళ్ళమ్మా. జాగ్రత్తగా ఎక్కు, కానీ వెళ్ళు."

గిన్నె కిందపడ్డ చప్పుడు. తరవాత మెట్లమీద ఆయాసం. తిరుపతిరావు నిలబడి బెల్టు సరిచేసుకున్నాడు. ఏమీ అడగకుండానే డ్రైవరు జీపు స్టార్ట్ చేశాడు. "ఆస్పత్రి అవుట్‌పోస్టుకి ఫోన్ చెయ్. మూడో అంతస్తు. పరిగెత్తమను," అని కానిస్టేబుల్‌తో అన్నాడు సీఐ.

"ఆంటీ." జెస్సికా తలుపు తీసిన చప్పుడు వినిపించింది. "బెడ్ ఖాళీగా ఉంది. తమ్ముడు లేడు. ఆయన కూడా లేరు."

"నర్సుని పిలువు."

దూరంగా మాటలు. తరవాత ఒక ఆడగొంతు ఫోన్లోకి వచ్చింది. "చెప్పండి మేడమ్. పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకెళ్ళారండీ. ఆయా లేదంటే వాళ్ళ బావగారే స్ట్రెచర్ తోసుకెళ్ళారు. పాపం చాలా బాగా చూసుకుంటున్నారు."

"స్కానింగ్ ఎవరు రాశారు?"

కాగితాలు తిప్పిన చప్పుడు.

"రాసినట్టు లేదండీ… డాక్టర్ గారు సాయంత్రం రౌండ్స్‌కి ఇంకా రాలేదు."

"స్కానింగ్ గది ఎక్కడ?"

"గ్రౌండ్ ఫ్లోర్లోనండీ." ఫోన్లో నర్సు అడుగులు గబగబా వినపడి ఆగాయి. "కానీ మేడమ్, వాళ్ళెక్కిన లిఫ్టు పైకి వెళ్ళింది."